జీర్ణకోశ, క్లోమ, కాలేయ వైద్యంలో ఏం మానాలో నేర్పే సదస్సులు కావాలి

జీర్ణకోశ, క్లోమ, కాలేయ వ్యాధుల మీద జరిగే సీఎంఈ (వైద్యుల నిరంతర విద్య) సదస్సుల ఆహ్వానపత్రాల్లో 'నూతన చికిత్సలు', 'తాజా పురోగతి' అన్న మాటలు లేనిదాన్ని నేనింతవరకు చూడలేదు. కొత్త మందు ఏం వచ్చింది, కొత్త ఎండోస్కోపీ పరికరం ఏం చేయగలదు అన్న కుతూహలంతోనే మాలో చాలామంది ఆ హాలులోకి అడుగుపెడతారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఫిజీషియన్‌గా వార్డులో పనిచేస్తూ, వీలైనప్పుడల్లా ఈ సదస్సులకు వెళ్తూ వస్తున్న నాలో కాలం గడిచేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడుతోంది. ఇన్నాళ్లూ మంచిదనుకుని చేస్తూ వచ్చిన పనుల్లో దేన్ని ఆపెయ్యాలో చెప్పడమే ఈ మూడు అవయవాల వైద్యంలో నిరంతర విద్య చేయవలసిన మొదటి పని. కొత్త మందు పేరు ఎవరో ఒకరు వచ్చి చెబుతూనే ఉంటారు. పాత అలవాటును మానమని చెప్పడానికి మాత్రం ఎవరూ పనిగట్టుకుని మన గది దాకా రారు.

అక్యూట్ పాంక్రియాటైటిస్‌నే, అంటే క్లోమానికి ఉన్నట్టుండి వచ్చే వాపునే తీసుకుందాం. పిత్తాశయంలో రాళ్లు, మద్యం దీనికి ప్రధాన కారణాలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినవారికీ వచ్చే ప్రమాదం ఉంటుంది. పేగులోకి చేరాక పనిచెయ్యాల్సిన క్లోమపు ఎంజైములు గ్రంథి లోపలే చురుకై దాని కణజాలాన్నే దెబ్బతీస్తాయి. తింటే ఎంజైములు ఊరతాయి, ఊరితే గ్రంథి మరింత దెబ్బతింటుంది, కాబట్టి నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా క్లోమానికి విశ్రాంతినివ్వాలి అని మా తరం చదువుకుంది. తర్కం చూడటానికి ఎంతో చక్కగా ఉంది. రోగుల మీద పరీక్షించి చూసినప్పుడు మాత్రం అది నిలబడలేదు. ఆహారం అందని పేగు లోపలి పొర బలహీనపడుతుంది, దాన్ని దాటుకుని బ్యాక్టీరియా క్లోమంలోని మృతకణజాలం దాకా చేరే అవకాశం పెరుగుతుంది. తీవ్రమైన జబ్బులో రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కించినవారి కంటే పేగు ద్వారా ఆహారం అందినవారిలో ఇన్ఫెక్షన్లు, మరణాలు తగ్గాయని పలు అధ్యయనాలు తేల్చాయి.

అయినా వార్డులో ఇప్పటికీ కనిపించే పరిస్థితి ఇది. రోగి చేరి మూడో రోజు. నొప్పి తగ్గింది, వాంతులు లేవు, పొట్ట మెత్తగా ఉంది. మంచం తలాపున 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అన్న చీటీ వేలాడుతూనే ఉంది. "డాక్టరుగారూ, ఆకలి వేస్తోందండీ, ఏమైనా తినొచ్చా?" అని రోగి అడుగుతాడు. డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు కేస్ షీటు తిరగేసి, "లైపేజ్ ఇంకా ఎక్కువగానే ఉందండీ, రేపు మళ్లీ చూసి చెబుతాం" అంటాడు. నిజానికి ఆ వైద్యుడికి కావలసిన సమాచారమంతా రోగి అడిగిన ప్రశ్నలోనే ఉంది. లైపేజ్ అనే క్లోమపు ఎంజైమును రక్తంలో కొలవడం రోగ నిర్ధారణకు పనికొచ్చే పరీక్ష. అది సాధారణ గరిష్ఠ పరిమితికి 3 రెట్లు దాటి, జబ్బుకు తగిన నొప్పి కూడా ఉంటే సీటీ స్కాన్ అవసరం లేకుండానే నిర్ధారణ పూర్తవుతుంది. ఆ తర్వాత రోజూ దాన్ని తీయించినందువల్ల జబ్బు తీవ్రత తెలియదు, ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలో అంతకన్నా తెలియదు. తేలికపాటి పాంక్రియాటైటిస్‌లో రోగి తట్టుకోగలిగితే మొదటి 24 గంటల్లోనే కొవ్వు తక్కువగా ఉన్న మెత్తని ఆహారం ఇవ్వవచ్చు, ముందు నీళ్లు, తర్వాత జావ, ఆ తర్వాత ఘనాహారం అని మెట్లు కట్టనక్కర లేదు. మరోవైపు, తీవ్రమైన జబ్బు రాగలదన్న అనుమానంతో అందరికీ ముందే ముక్కు ద్వారా గొట్టం వెయ్యాల్సిన పనీ లేదు. 208 మంది రోగులతో జరిగి 2014లో వెలువడిన 'పైథాన్' పరీక్షలో (రోగులను రెండు వర్గాలు చేసి చికిత్సలను పోల్చే అధ్యయనంలో), 24 గంటల్లోపే గొట్టం వేసినవారికీ, 72 గంటలప్పుడు నోటి ద్వారా ప్రయత్నించి కుదరకపోతేనే గొట్టం వేసినవారికీ ఇన్ఫెక్షన్లలో గానీ మరణాల్లో గానీ తేడా కనిపించలేదు.

సెలైన్ విషయం దీనికంటే ముఖ్యమైనదని నేననుకుంటాను, ఎందుకంటే ఇక్కడ పాత సలహా నిన్నమొన్నటిది. పాంక్రియాటైటిస్‌లో రక్తనాళాల నుంచి ద్రవం కణజాలంలోకి జారిపోతుంది కాబట్టి మొదటి రోజే ధారాళంగా ఎక్కించాలని కొంతకాలం క్రితం వరకు సదస్సుల్లోనే గట్టిగా చెప్పేవారు. 2022లో వెలువడిన 'వాటర్‌ఫాల్' పరీక్షలో ఒక వర్గానికి శరీర బరువులో కిలోకు 20 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్‌ను (సెలైన్ లాంటి ద్రవాన్ని) మొదట్లోనే ఇచ్చి, ఆపై గంటకు కిలోకు 3 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించారు. రెండో వర్గంలో నీటి లోటు ఉన్నవారికి మాత్రమే కిలోకు 10 మిల్లీలీటర్లు ఇచ్చి, ఆపై అందరికీ గంటకు కిలోకు 1.5 మిల్లీలీటర్లకు పరిమితమయ్యారు. 60 కిలోల మనిషికి లెక్కవేసి చూడండి: మొదటి పద్ధతిలో 1200 మిల్లీలీటర్ల తర్వాత గంటకు 180, రెండో పద్ధతిలో నీటి లోటు లేకపోతే మొదటి నుంచీ గంటకు 90. ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల మీదా గుండె మీదా భారం పడినవారు మొదటి వర్గంలో 20.5 శాతం, రెండో వర్గంలో 6.3 శాతం. జబ్బు ముదరకుండా ఆపడంలో ధారాళ పద్ధతికి చెప్పుకోదగ్గ ప్రయోజనమేదీ కనబడలేదు. అందువల్ల 249 మంది చేరిన దశలోనే భద్రతా కారణాలతో ఆ పరీక్షను నిలిపివేశారు. ద్రవాలు అనవసరమని దీని అర్థం కాదు. మూత్రం, నాడి, బీపీ, బ్లడ్ యూరియా చూసుకుంటూ కొన్ని గంటలకోసారి వేగాన్ని మార్చాలన్నదే దీని సారాంశం. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు డ్రిప్ వేగాన్ని ఎవరిని అడిగి తగ్గించాలో ముందే రాసి ఉండని ఆసుపత్రిలో ఈ పరిజ్ఞానం కాగితం మీదే మిగిలిపోతుంది.

హాని చెయ్యదులే అనుకుని ఇచ్చే వాటి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తీవ్రమైన పాంక్రియాటైటిస్ మొదటి వారంలో వచ్చే జ్వరం చాలాసార్లు శరీరంలోని వాపు స్పందన వల్లే వస్తుంది. ఇన్ఫెక్షన్ ఆధారాలు లేకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయోటిక్స్ ఇచ్చినందువల్ల లాభం లేదని ప్రస్తుత మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ప్రోబయోటిక్స్ అనుభవం అంతకంటే కఠినమైన పాఠం. మంచి బ్యాక్టీరియాను ఇస్తే చెడ్డ బ్యాక్టీరియా తగ్గుతుందన్న ఆశతో నెదర్లాండ్స్‌లో 298 మంది మీద జరిపి, 2008లో ప్రచురించిన పరీక్షలో, ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 16 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 6 శాతం మరణించారు. ఒక సదస్సులో ఆ అంకెలు తెరమీదికి వచ్చినప్పుడు హాలు ఒక్కసారి కదిలినట్టయింది. మన మందులచీటీలో 'ఇచ్చినా నష్టం లేదు' అనుకుంటూ చేర్చే ప్రతి పేరునూ ఆ ఫలితాన్ని గుర్తుపెట్టుకుని చూడాలన్నది నా నమ్మకం.

క్లోమంలోని మృతకణజాలానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు వెంటనే పొట్ట కోసి శుభ్రం చెయ్యడం ఒకప్పటి పద్ధతి. 2010 నాటి 'పాంటర్' పరీక్షలో 88 మంది రోగుల్లో కొందరికి ముందు గొట్టంతో చీము తీసి, అది చాలకపోతేనే చిన్న కోతతో శస్త్రచికిత్స చేశారు. తీవ్రమైన సమస్యలు లేదా మరణం ఈ అంచెల పద్ధతిలో 40 శాతం, నేరుగా కోసిన వర్గంలో 69 శాతం. అంచెల పద్ధతిలో 35 శాతం మందికి గొట్టమే సరిపోయింది. ఆ గొట్టాన్నీ వెంటనే వెయ్యాలా, ఇన్ఫెక్షన్ చుట్టూ గట్టి గోడ ఏర్పడేదాకా ఆగాలా అని 2021లో 'పాయింటర్' పరీక్ష చూస్తే, ఆగడం వల్ల నష్టం లేదనీ, ఆగినవారిలో 39 శాతం మందికి యాంటీబయోటిక్స్‌తోనే గొట్టం అవసరం తప్పిపోయిందనీ తేలింది. సర్జన్ చేతిలో కత్తి ఉన్నప్పుడు ఆగడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూసినవాళ్లకు తెలుసు.

కాలేయం దగ్గరికి వస్తే మానవలసిన వాటి వరుస ఇంకా పెద్దది. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోయే జబ్బు) రోగికి స్పృహలో తేడా రాగానే మాంసకృత్తులు ఆపెయ్యడం చాలాకాలం నడిచిన పద్ధతి. మాంసకృత్తుల నుంచి అమ్మోనియా పుడుతుంది, అది మెదడును మందగింపజేస్తుంది, కాబట్టి తగ్గించాలన్న వాదన అది. కాలేయం చెయ్యలేని పనిలో కొంత కండరం చేస్తుందనీ, అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చి పక్కకు తప్పించేది ఆ కండరమేననీ, మాంసకృత్తులు ఆపితే కరిగేది ఆ కండరమేననీ ఆ వాదన పట్టించుకోలేదు. 2004లో వెలువడిన ఒక చిన్న పరీక్ష, హెపాటిక్ ఎన్సెఫలోపతీతో, అంటే కాలేయ జబ్బు వల్ల వచ్చే ఈ స్పృహ మాంద్యంతో చేరినవారికి మొదటి నుంచీ సాధారణ మోతాదులో మాంసకృత్తులు ఇచ్చినా పరిస్థితి విషమించలేదని చూపింది. ఇప్పుడు మేము రోజుకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు సూచిస్తాం, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. దానితోపాటు రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా ఒక చిరుతిండి, ఎందుకంటే సిర్రోసిస్‌లో రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం కండరాన్ని కరిగించుకోవడం మొదలుపెడుతుంది. డిశ్చార్జి రోజున రోగి భార్య "ఆయనకు పప్పు, గుడ్డు, పాలు అన్నీ మాన్పించేశానండీ, లివర్ జబ్బు కదా" అని ఎంతో బాధ్యతగా చెబుతుంది. ఆ మాట ఆమెకు ఏనాడో ఒక వైద్యుడి నోటి నుంచే వెళ్లి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒక్క వాక్యం చాలదు, కూర్చోబెట్టి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చెప్పాలి. ఈ పది నిమిషాల సంభాషణను ఎలా నడపాలో నేర్పిన సదస్సులు నాకు అరుదుగా కనిపించాయి.

రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష గురించిన అపోహ కూడా అంతే మొండిది. సిర్రోసిస్ రోగికి ఐఎన్‌ఆర్ 2 ఉందంటే రక్తం గడ్డకట్టదనీ, సూది గుచ్చే ముందు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించాలనీ అనుకుంటాం. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలనూ, గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ సి, యాంటిత్రాంబిన్ వంటి వాటినీ కాలేయమే తయారుచేస్తుంది. జబ్బు చేసినప్పుడు రెండూ కలిసే తగ్గుతాయి. ఐఎన్‌ఆర్ కొలిచేది ఒక పక్షాన్ని మాత్రమే. ఆ అంకెను సరిచెయ్యడానికి ఎక్కించిన ప్లాస్మా, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడిని పెంచి, మనం భయపడిన రక్తస్రావానికే దోహదపడవచ్చు. జలోదరంతో (పొట్టలో నీరు చేరి) వచ్చిన రోగి పొట్ట నుంచి నీరు తీసి పరీక్షించడానికి ఐఎన్‌ఆర్ తగ్గేదాకా ఎదురుచూడటం వల్ల జరిగే నష్టం దీనికి తోడు. ఆ నీటిలో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు ఘన మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్ఫెక్షన్ కిందే లెక్క; జ్వరం, నొప్పి ఏవీ లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. జలోదరంతో ఆసుపత్రిలో చేరిన ప్రతి సిర్రోసిస్ రోగికీ చేరిన రోజే ఈ పరీక్ష జరగాలి. సదస్సులో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలమంటే ఇదే గుర్తుపెట్టుకొమ్మని నేను జూనియర్లకు చెబుతుంటాను.

ఆ ఇన్ఫెక్షన్ ఉన్నవారికి యాంటీబయోటిక్‌తో పాటు మొదటి రోజు కిలోకు 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకు 1 గ్రాము అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) ఇస్తే కిడ్నీలు దెబ్బతినడం 33 శాతం నుంచి 10 శాతానికి, ఆసుపత్రిలో మరణాలు 29 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయని 1999లోనే తేలింది. అల్బుమిన్ ఇంత మేలు చేస్తుంది కదా అని, ఆసుపత్రిలో చేరిన సిర్రోసిస్ రోగులందరికీ రక్తంలో దాని స్థాయి డెసిలీటరుకు 3 గ్రాములకు చేరేలా రోజూ ఎక్కించి చూసిన 'అటైర్' పరీక్ష 2021లో వెలువడింది. అందులో ఇన్ఫెక్షన్లూ తగ్గలేదు, కిడ్నీ సమస్యలూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం పెరిగింది. అదే సీసా, అదే జబ్బు, వేరే సందర్భం. ల్యాబ్ రిపోర్టులో తక్కువగా కనిపించిన అంకెను పూడ్చడం వేరు, రోగికి చికిత్స చెయ్యడం వేరు.

రక్తపు వాంతుల విషయంలో క్లుప్తంగా చెబుతాను. హిమోగ్లోబిన్ 9 కంటే తగ్గగానే రక్తం ఎక్కించిన వర్గం కంటే, 7 కంటే తగ్గేదాకా ఆగిన వర్గంలోనే ఎక్కువమంది ఆరు వారాల తర్వాత బతికి ఉన్నారని 921 మందితో జరిగిన 2013 నాటి పరీక్ష చూపింది: ఆగిన వర్గంలో 95 శాతం, ఆగనివారిలో 91 శాతం. ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతూ బీపీ పడిపోయినవారికీ, గుండెజబ్బు ఉన్నవారికీ ఈ లెక్క యథాతథంగా వర్తించదు. ఇక రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెగ్జామిక్ యాసిడ్ జీర్ణకోశ రక్తస్రావంలో మరణాలను తగ్గించదనీ, సిరల్లో గడ్డలను పెంచుతుందనీ 12,000 మందికి పైగా పాల్గొన్న 'హాల్ట్-ఐటీ' పరీక్ష 2020లో తేల్చింది. గాయాల రక్తస్రావంలోనూ ప్రసవానంతర రక్తస్రావంలోనూ పనికొచ్చిన మందే ఇక్కడ పనికిరాలేదు.

కొత్తవాటి మీద నాకు చిన్నచూపు ఉందని ఎవరూ అనుకోకూడదు. హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు, దానికి మందైన సోఫోస్‌బువిర్‌కు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పుడు 8 లేదా 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా రోగులకు ఆ వైరస్ పూర్తిగా పోతోంది. నా వృత్తి జీవితంలో ఇంతటి మార్పును మరొకదాన్ని చూడలేదు. అల్సర్ కథ కూడా అలాంటిదే: బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980ల మొదట్లో అల్సర్లకు కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను పట్టుకోగా, ఆమ్లమే కారణమన్న నమ్మకం కరగడానికి పదేళ్లకు పైగా పట్టింది, 2005లో వారికి నోబెల్ వచ్చింది. ఆ కథ అందరికీ తెలుసు. అదే బ్యాక్టీరియా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగడం చాలాచోట్ల తగ్గిపోయిందనీ, అందుకే బిస్మత్‌తో కూడిన నాలుగు మందుల కోర్సును 14 రోజులు వాడమంటున్నారనీ, కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, ఆమ్లం తగ్గించే మాత్రలను రెండు వారాలు ఆపి, బ్యాక్టీరియా పోయిందో లేదో మళ్లీ పరీక్షించాలనీ తెలిసినవారు అంతమంది లేరు. సదస్సు సమయం నోబెల్ కథ మీద కాక ఈ చివరి పరీక్ష మీద ఖర్చు కావాలి.

ఇక్కడే సదస్సుల తీరు గురించి నా మనసులో మాట చెప్పాలి. ఇలాంటి విద్యా సమావేశాల ప్రభావం మీద 2009లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (పలు అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ నివేదిక), సమావేశం తర్వాత వైద్యుల ఆచరణలో వచ్చిన మెరుగుదల సగటున 6 శాతం మాత్రమేనని లెక్కకట్టింది. కేవలం ఉపన్యాసాలు కాకుండా, చర్చనూ సాధననూ కలిపిన సమావేశాలు ఎక్కువ ఫలితమిస్తాయని కూడా అందులో ఉంది. నా అనుభవం అక్షరాలా అదే. ఒక సదస్సులో అధ్యాపకురాలు స్లైడ్లు మొదలుపెట్టకుండా అందరికీ తెల్లకాగితాలు పంచి, సిర్రోసిస్‌తో పొట్ట ఉబ్బి, కాస్త మగతగా వచ్చిన రోగి వివరాలు చదివి, "మీ వార్డులో మీరు రాసే ఆర్డర్లే రాయండి, పుస్తకంలో ఉన్నవి కాదు" అన్నారు. కాగితాలు పేర్లు లేకుండా తీసుకుని, ఒక్కొక్కటీ చదువుతూ వెళ్లారు. ప్లాస్మా అని రాసినవి వచ్చాయి, మాంసకృత్తులు ఆపమని రాసినవి వచ్చాయి, రక్తంలో అమ్మోనియా రోజూ చూడమన్నవి వచ్చాయి. మొదటి రోజే పొట్ట నీటిని పరీక్షించమని రాసినవి తక్కువే. ఎవరినీ తప్పుపట్టకుండా ప్రతి ఆర్డరుకూ ఆధారం ఉందో లేదో ఆమె వివరించిన ఆ గంటలో నేర్చుకున్నది మరిచిపోలేదు, అక్కడున్న వేరేవాళ్లు కూడా మరిచిపోయి ఉండరు. అదే రోజు మధ్యాహ్నం ఒక మందుల కంపెనీ ఖర్చుతో జరిగిన ఉపన్యాసంలో, కాలేయాన్ని కాపాడుతుందంటూ ఒక మందు గురించి రంగురంగుల గ్రాఫులు చూపించారు. రోగి ఎక్కువకాలం బతికాడా, ఆసుపత్రికి తిరిగి రావడం తగ్గిందా అన్న ప్రశ్నకు జవాబు ఏ గ్రాఫులోనూ లేదు, ఎంజైముల అంకె తగ్గడం మాత్రమే ఉంది. మానుకోమని చెప్పే పాఠానికి డబ్బు పెట్టే కంపెనీ ఉండదు కాబట్టి, ఆ పాఠం చెప్పే బాధ్యత వైద్య సంఘాలదీ, బోధనాసుపత్రులదీ. ఈ విషయంలో మెత్తగా ఉండటం నాకు చేతకాదు.

ఎవరిని పిలుస్తామన్నది కూడా అంతే ముఖ్యం. పిత్తాశయ రాళ్ల వల్ల తేలికపాటి పాంక్రియాటైటిస్ వచ్చినవారికి, ఇంటికి పంపి నెల తర్వాత రమ్మనకుండా, ఆ చేరికలోనే పిత్తాశయం తీసేస్తే మంచిదని 266 మందితో జరిగిన 'పోంచో' పరీక్ష 2015లో రుజువు చేసింది. రాళ్ల వల్ల మళ్లీ ఆసుపత్రి పాలవడం లేదా చనిపోవడం, ఆగినవారిలో 17 శాతం, అదే చేరికలో ఆపరేషన్ జరిగినవారిలో 5 శాతం. ఈ సంగతి ఫిజీషియన్లకు తెలుసు, సర్జన్లకు తెలుసు. అయినా రోగి నొప్పి తగ్గగానే మా వార్డు నుంచి ఇంటికి వెళ్తాడు, ఎందుకంటే ఆ వారం ఆపరేషన్ థియేటర్ జాబితా ముందే నిండిపోయి ఉంటుంది, మత్తు వైద్యుడికి రోగి గురించి కబురు వెళ్లదు, సర్జన్ అభిప్రాయం కోరిన కాగితం డిశ్చార్జి రోజున వెళ్తుంది. ఫిజీషియన్లు ఒక హాలులో, సర్జన్లు మరో హాలులో కూర్చుని ఈ 17 నుంచి 5 అన్న అంకెలను విడివిడిగా నోట్ చేసుకోవడం వల్ల ఆ జాబితా మారదు. పిత్తాశయ పాంక్రియాటైటిస్ మీద ఈసారి జరిపే సదస్సుకు సర్జన్లనూ, మత్తు వైద్యులనూ, థియేటర్ జాబితా రాసే సిస్టర్‌నూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాలనీ, వారానికి ఎన్ని స్లాట్లు ఈ రోగుల కోసం ఖాళీగా ఉంచగలరో అక్కడే తేల్చి రాసుకోవాలనీ మా విభాగంలో అడిగి ఉన్నాను.